ముగ్గురికి కొలిచిన బెంచీ

నిండు చట్టసభలో, రెండు వందల మంది సభ్యులు వింటుండగా, నా కూతురు నన్ను అబద్ధాలకోరు అంది. డెబ్బై నాలుగేళ్ల నా జీవితంలో నేను అంతగా ఛాతీ విరుచుకుని కూర్చున్న రోజు మరొకటి లేదు. ఎంతోసేపు కూర్చోలేదు లెండి, లేపి బయటికి పంపేశారు. ఆ సంగతి వరసగా చెబుతాను. మధ్యలో ఎక్కడైనా కాస్త పెంచి చెబుతున్నానని మీకు అనిపిస్తే, అక్కడ తప్పకుండా పెంచే ఉంటాను. చట్టసభ భాగం మాత్రం అక్షరం అక్షరం నిజం. దానికి నా దగ్గర కాగితం ఉంది.

నేను వడ్రంగిని. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఐదో తరగతి రెండేళ్లు చదివాను కాబట్టి ఆరు చదివానని చెప్పుకున్నా తప్పు లేదు. ఆ తర్వాత మా నాన్న పలక లాక్కుని చేతిలో ఉలి పెట్టాడు. నలభై ఏళ్ల కిందట మా టౌనులో సర్కారు బడి కట్టినప్పుడు, అందులో బెంచీలన్నీ, ముందు రాసుకునే బల్లతో సహా, నేనే చేశాను. అరవై బెంచీలు. ప్రతిదాని కిందా, వంగి చూస్తే తప్ప కనిపించని చోట, ఉలితో నంబరు చెక్కాను. బెంచీకి ముగ్గురు పిల్లలని లెక్క. ఒక్కొక్కరికి ఒకటిన్నర అడుగు చొప్పున మొత్తం నాలుగున్నర అడుగుల పొడుగు. ఆ కొలత నాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. చిన్నప్పుడు మా బడిలో ఇరుక్కుని నేల మీద కూర్చునేవాళ్లం. పక్కవాడి మోచెయ్యి తగిలి నేను రాసిన ప్రతి అక్షరానికీ తోక ఒకటి అదనంగా మొలిచేది. పంతులుగారు ఆ తోకలన్నీ నావేననుకున్నారు. మోచెయ్యి తగలకుండా రాసుకోవాలంటే ఎంత జాగా కావాలో అప్పుడే నా వీపుకి తెలిసింది.

ఆ బెంచీల నునుపు సంగతి కూడా చెప్పాలి. మొదటి బెంచీకి చిత్రిక పట్టడం పూర్తయిన రోజున ఒక ఈగ దాని మీద వాలబోయి, జారి, కాలు విరగ్గొట్టుకుంది. వారం రోజులు మా షెడ్డులోనే కుంటుతూ తిరిగింది. మా ఆవిడ దాన్ని చూసింది. ఇప్పుడు అడిగితే గుర్తు లేదంటుంది.

పద్నాలుగో నంబరు బెంచీ మీద, గోడ వైపు చివర, నా కూతురు కూర్చుని చదువుకుంది. కంపాసు ముల్లుతో దాని మీద తన పేరులో మొదటి అక్షరం చెక్కింది. బెంచీ పాడు చేసినందుకు ఒక రోజంతా అమ్మాయితో మాట్లాడలేదు. వెళ్లి చూస్తే అక్షరం గీతల్లో వంకర లేదు, లోతు సమంగా ఉంది. మర్నాడు క్షమించేశాను. ఆ బెంచీ మీద నుంచి లేచి కాలేజీకి వెళ్లింది, వకీలయింది, రెండేళ్ల కిందట జనం ఓట్లేసి చట్టసభకి పంపారు. అక్కడ సీట్లు దూదిలా ఉంటాయట. నీ బెంచీయే నయం నాన్నా, దాని మీద నిద్ర వచ్చేది కాదు అంటుంది.

ఇక గొడవలోకి వద్దాం. ఈ ఏడాది చట్టసభ ముందుకు ఒక బిల్లు వచ్చింది. జనం దానికి బడి చీటీ బిల్లు అని పేరు పెట్టారు. సర్కారు తల్లిదండ్రుల చేతికి ఒక చీటీ ఇస్తుంది. వాళ్లు దాన్ని తీసుకెళ్లి నచ్చిన ప్రైవేటు బడిలో ఇస్తే పిల్ల ఫీజు సర్కారే కడుతుంది. ఉన్నవాళ్లు తమ పిల్లల్ని ఇష్టమైన బడిలో వేసుకుంటున్నప్పుడు లేనివాళ్లకి ఆ వీలు ఎందుకు ఉండకూడదని కొందరన్నారు. అలా అయితే సర్కారు బడులు ఎండి రాలిపోతాయని మరికొందరన్నారు. మా అమ్మాయి పార్టీది ఈ రెండో మాట. మా అమ్మాయిదీ మనసారా అదే మాట. నేను రోజూ వెళ్లే మంగలి షాపులో కూడా రెండు పక్షాలు తయారయ్యాయి. మంగలి మాత్రం ఎవరి తల తన కత్తెర కింద ఉంటే వాళ్ల పక్షం. అద్దంలో చూస్తూ ఒకే గంటలో మూడుసార్లు పార్టీ మార్చడం నేను కళ్లారా చూశాను.

ఇలా ఉండగా, చట్టాలు చేసేవాళ్ల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో చెప్పాలని ఎవరో లేవదీశారు. పత్రికలవాళ్లు సభ్యుల ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి మీకు తెలియాలి. నా మనవరాలికి తొమ్మిదేళ్లు. ఒక చోట కుదురుగా ఉండదు, దొరికిందల్లా దాచుకుంటుంది, అందుకని దాన్ని ఉడుత అంటాం. పసితనంలో జ్వరం వచ్చి ఎడమ చెవి వినికిడి బాగా తగ్గిపోయింది. మనం మాట్లాడితే తల తిప్పి కుడి చెవి ముందుకు పెడుతుంది. మూడో తరగతి దాకా నేను బెంచీలు చేసిన సర్కారు బడిలోనే చదివింది. నాలుగో తరగతికి వచ్చేసరికి గదిలో యాభై ఎనిమిది మంది అయ్యారు. దానికి పంతులమ్మ గొంతు అందేది కాదు. తక్కువ మంది ఉన్న గదిలో, ముందు వరసలో కూర్చోబెట్టకపోతే పిల్ల వెనకబడిపోతుందని చెవి డాక్టరు చెప్పాడు. నాలుగు నెలల కిందట మా అమ్మాయి దాన్ని రెండు వీధుల అవతల ఒక ప్రైవేటు బడిలో చేర్చింది. అక్కడ గదికి ఇరవై రెండు మందే.

నాకు మండింది. నేను చేసిన బెంచీ నా మనవరాలికే పనికిరాకుండా పోయిందా అని అలిగాను. మూడు వారాలు అలిగాను. అలిగినవాళ్లు భోజనం మానేస్తారు గానీ రెండోసారి వడ్డించమని గిన్నె చాపరు అని మా ఆవిడ అనేదాకా అలిగాను.

మా అమ్మాయి ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. అలాగని చెప్పనూ లేదు. సర్కారు బడుల కోసం వేదికలెక్కి మాట్లాడుతూనే ఉంది. ఎవరూ అడగలేదు కాబట్టి బండి నడిచిపోయింది. కానీ ఆ చెప్పకపోవడం దానికి కంట్లో నలుసులా ఉండేదని నాకు తెలుసు. ఇంటికి వచ్చినప్పుడు ఉడుత బడి సంచీ చూస్తే చాలు, మాట మార్చేసేది.

పత్రికతను మా షెడ్డుకి వచ్చిన రోజున మా అమ్మాయి రాజధానిలో ఉంది. నేను ఒక తలుపుకి చిత్రిక పడుతున్నాను. కుర్రాడు మర్యాదస్తుడు, రంపపు పొట్టులో చెప్పులు విప్పి నిలబడ్డాడు. మీ మనవరాలు ఏ బడిలో చదువుతోందండీ అని అడిగాడు. నిజం చెబితే పొట్టిగా, చేదుగా ఉంటుంది. నా నోటికి పొట్టి మాటలు అలవాటు లేదు.

"మా ఉడుతా? వాళ్లమ్మ కూర్చున్న బెంచీ మీదే కూర్చుంటోంది బాబూ. పద్నాలుగో నంబరు. వాళ్లమ్మ చెక్కిన అక్షరం మీద మోచెయ్యి ఆనించుకుని రాసుకుంటుంది" అన్నాను.

అన్నాక నాకే ముచ్చటేసింది. ఆ ఊపులో, ఆ బెంచీ కర్ర మూడుసార్లు పిడుగు పడ్డ చెట్టుదనీ, దాని మీద కూర్చున్న పిల్లలకి ఎక్కాలు చదవకుండానే వచ్చేస్తాయనీ, ఒకసారి రాత్రికి రాత్రి బెంచీ చిగురిస్తే పెద్ద పంతులమ్మ కత్తెరతో కత్తిరించిందనీ కూడా చెప్పాను. అతను అన్నీ రాసుకున్నాడు. బుధవారం పత్రికలో చూస్తే పిడుగు లేదు, చిగురు లేదు, మనవరాలు మాత్రం ఉంది. నేను చెప్పినవాటిలో అన్నిటికంటే నీరసమైన అబద్ధాన్ని ఏరి అచ్చు వేశాడు.

శనివారం మా అమ్మాయి ఇంటికి వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా పత్రిక తీసి భోజనాల బల్ల మీద నా ముందు పరిచింది.

"ఇది నువ్వు చెప్పిందేనా నాన్నా?"

"నేనే చెప్పాను. పిడుగు సంగతి వాడు వదిలేశాడు."

మామూలుగా అయితే నవ్వేది. చిన్నప్పటి నుంచీ నా కోతలకి మొదట నవ్వేది అదే. ఆ రోజు నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, తమ పార్టీ పెద్దమనిషి ఈ వార్త చూసి పొద్దున్నే ఫోన్ చేశాడనీ, మంగళవారం చర్చలో దీన్ని చదివి వినిపిస్తానన్నాడనీ, సభంతా బల్లలు చరుస్తుందనీ చెప్పింది. ఆ బల్లల చప్పుడు మధ్య తను నోరు మూసుకుని కూర్చోవాలి. లేకపోతే లేచి నిజం చెప్పాలి. చెబితే, ఊరందరికీ ఒక బడి, తన కూతురికి మరొక బడి అని ఎదుటి పక్షం ఆడుకుంటుంది. సొంత పక్షం మొహం చాటేస్తుంది. చెప్పకపోతే, ఇన్నాళ్లూ ఊరుకున్నది అబద్ధం కిందికి మారిపోతుంది. ఇదంతా కేసు వివరించినట్టు నెమ్మదిగా చెప్పింది. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

అంతలో ఉడుత వచ్చి నా కుర్చీ చేతి మీద ఎక్కి కూర్చుంది.

"తాతా, మా క్లాసులో పేపరు తెచ్చారు. నువ్వు ఏ బడిలో చదువుతున్నావని నన్ను అడిగారు. వాళ్ల పక్కనే కూర్చుని ఉన్నాను కదా, ఏం చెప్పను?"

కుడి చెవి నా వైపు తిప్పి జవాబు కోసం చూస్తోంది. నేను బల్ల మీది పత్రిక మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాను. మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి, ఇన్నేళ్లకి మీ తాతకి మాట పడిపోయింది, తేదీ రాసి పెట్టుకోవే అంది.

ఆదివారం పార్టీ పెద్దమనిషి స్వయంగా దిగాడు. మడత నలగని బట్టలు, గదిలోకి తనకంటే ముందు వచ్చే సెంటు. మనిషి చెడ్డవాడు కాదు. బిల్లు రెండు మూడు ఓట్ల మీద వేలాడుతోందనీ, ఈ ఒక్క వార్తతో ఊగేవాళ్లు ఇటు ఒరుగుతారనీ ఆశ. ఉడుత బడి మారిందని మా అమ్మాయి చెబితే అరనిమిషం ఆలోచించి, దానికేముంది అన్నాడు. రేపు మధ్యాహ్నం ఒక్క గంట పిల్లని పాత బడికి పంపండి, ఆ బెంచీ మీద కూర్చోబెట్టి ఫొటో తీయిద్దాం, పై వారం ఏ బడికి పంపుకుంటే ఎవరికి కావాలి అన్నాడు. పిల్ల కూర్చున్నట్టు ఫొటో ఉంటే అది అబద్ధమెలా అవుతుందమ్మా అని కూడా అడిగాడు. కోతల్లో నన్ను మించినవాణ్ణి నేను చూడటం అదే మొదటిసారి.

మా అమ్మాయి రేపు చెబుతానంది. ఆయన దాన్ని సరేనన్నట్టు తీసుకుని నా వైపు తిరిగి, పెద్దాయనా, బెంచీకి కాస్త మెరుగు పెట్టి ఉంచండి అన్నాడు. నేను తల ఊపాను. దాచడమెందుకు, లోపల సంతోషించాను కూడా. నా అబద్ధం ఒక గంటసేపైనా నిజమవుతుంది కదా అనుకున్నాను.

సోమవారం పొద్దున గరుకు కాగితం, నూనె గుడ్డ, టేపు సంచీలో వేసుకుని బడికి వెళ్లాను. పెద్ద పంతులమ్మ నన్ను గుర్తుపట్టి లోపలికి పంపింది. పద్నాలుగో నంబరు ఏ గదిలో ఉందో ఎవరికీ తెలియదు. నంబరు కిందే ఉంటుంది కాబట్టి బెంచీల కింద దూరి వెతకాల్సి వచ్చింది. డెబ్బై నాలుగేళ్ల ముసలాయన మోకాళ్ల మీద పాకుతూ కాళ్ల సందుల్లోంచి తల పెట్టి చూస్తుంటే ఆ పిల్లలు నవ్విన నవ్వుకి పైకప్పు లేచి పక్క వీధిలో పడింది. తర్వాత నలుగురు మోసుకొచ్చి మళ్లీ పెట్టారు.

నాలుగో తరగతి గదిలో, వెనక నుంచి రెండో వరసలో దొరికింది. కాళ్లు గట్టిగా ఉన్నాయి. కొయ్యమేకు ఒక్కటి కూడా కదల్లేదు. దాని మీద ఐదుగురు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. చివరి పిల్ల సగమే బెంచీ మీద ఉంది, మిగతా సగం గాలిలో. పడిపోకుండా ఒక కాలు నడవలో చాపి ఆనించుకుంది.

నేను లేవమంటే లేచారు. నిలబడటానికి చోటు లేక గోడకి అతుక్కున్నారు. ఎందుకో నాకే తెలియదు, టేపు తీసి కొలిచాను. నాలుగున్నర అడుగులే. అంగుళం పెరగలేదు, తగ్గలేదు. యాభై నాలుగు అంగుళాల్లో ఐదుగురు, మనిషికి పదకొండు కూడా రాలేదు. పదకొండు అంగుళాల్లో పిల్ల కూర్చోవచ్చు. రాయడానికి మాత్రం చెయ్యి ఇంటి దగ్గర పెట్టి రావాలి.

గోడ వైపు చివర నా కూతురు చెక్కిన అక్షరం ఉంది. అంచులు అరిగి, లోపల సిరా నిండి, నున్నగా అయింది. ఎందరి మోచేతులు రాసుకుంటే అలా అవుతుందో నాకు తెలుసు. పత్రికతనికి నేను చెప్పిన మాట వేరే ఎవరో పిల్లల విషయంలో ఇన్నేళ్లూ నిజమేనన్నమాట.

పాఠం మొదలైంది. పని తర్వాత చూద్దామని పిల్లల్ని సర్ది నేనూ పక్కనే నేల మీద కూర్చున్నాను. ముందు పంతులమ్మ చెబుతోంది. నోరు కదలడం కనిపిస్తోంది, మాట రావడం లేదు. నా చెవులు కూడా పోయాయనుకున్నాను. ఆవిడ ఏమంది అని కాలు చాపుకున్న పిల్లని అడిగాను.

"ఇక్కడికి ఎవరికీ వినపడదు తాతా. ముందువాళ్లు రాస్తారు కదా, అది చూసి వాళ్ల వెనకవాళ్లు రాస్తారు, అది చూసి మేం రాస్తాం."

రెండు చెవులూ బాగున్న పిల్ల చెప్పిన మాట అది.

పంతులమ్మ తప్పు లేదు. ఆవిడ గొంతు బొంగురుపోయి, బల్ల మీద గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని గుక్కగుక్కకీ తాగుతూ చెబుతోంది. నేను లేచి, గరుకు కాగితం తీసింది తీసినట్టే సంచీలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

మా అమ్మాయి రాజధానికి వెళ్లడానికి బట్టలు సర్దుకుంటోంది. బెంచీ బాగు చెయ్యలేదమ్మా అన్నాను. ఎందుకంది.

"దానికి ఏ జబ్బూ లేదు తల్లీ. ముగ్గురికి కొలిచాను. ఐదుగురు కూర్చున్నారు. నువ్వు పిల్లని తీసుకెళ్లి మంచి పని చేశావు. నేను అలిగిన మూడు వారాలు తిరిగి ఇచ్చెయ్యలేను గానీ, ఆ ఫొటో మాత్రం వద్దు."

"ఫొటో లేదని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను నాన్నా. ఆయన అయినా పేపరు చదువుతాడట. నేను లేచి కాదనాలి. అంటే నిన్ను అబద్ధాలకోరు అనాల్సి వస్తుంది. అదొక్కటే నాకు..."

"అనవే. మంగలి షాపులో రోజూ అంటారు. అక్కడ మైకు ఉండదు, అంతే తేడా."

అప్పుడు నవ్వింది. చీర మడత పెడుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వెళ్లేముందు నా టేపు ఒకసారి ఇవ్వమని అడిగి తీసుకుంది. నా పనిముట్లు నేను ఎవరికీ ఇవ్వను. మా అల్లుడికి సుత్తి ఇవ్వనందుకు అతను ఇప్పటికీ చెబుతుంటాడు. దానికి మాత్రం టేపు తుడిచి మరీ ఇచ్చాను.

మంగళవారం నేనూ మా ఆవిడా చట్టసభ గ్యాలరీలో కూర్చున్నాం. సందర్శకులు మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, నిద్రపోకూడదు, కటకటాల మీద చేతులు ఆనించకూడదు. ఆనించినా ఆగేవి కావు, అతుకు సరిగ్గా లేదు. ఆ మాట మా ఆవిడతో చెబితే మాట్లాడకూడదన్న రూలు చూపించింది.

పార్టీ పెద్దమనిషి లేచి పత్రిక విప్పి గొంతు సవరించుకుని చదివాడు. తాత చేసిన బెంచీ, తల్లి చెక్కిన అక్షరం, మనవరాలి మోచెయ్యి. బాగా చదివాడు. నేనే చెప్పానని మరిచిపోయి నా గుండె కూడా కరిగింది. వాళ్ల పక్షమంతా బల్లలు చరిచింది. ఒకరిద్దరు వెనక్కి తిరిగి మా అమ్మాయికి దణ్ణం పెట్టారు. అప్పుడు అది చేయవలసిందల్లా ఊరికే కూర్చోవడం.

లేచి నిలబడింది.

"అధ్యక్షా, ఈ వార్త నిజం కాదు. నా కూతురు నాలుగు నెలలుగా ప్రైవేటు బడిలో చదువుతోంది. పత్రికకి ఇలా చెప్పింది మా నాన్నగారు. ఆయన అబద్ధాలకోరు, మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ నేను ముందే నిజం చెప్పి ఉంటే ఆయనకి ఈ అబద్ధం చెప్పే పని పడేది కాదు. తప్పు ఆయనది సగం, నాది సగం."

తిట్టేటప్పుడు కూడా 'గారు' వదల్లేదు. మా పెంపకం అలాంటిది.

ఎదుటి పక్షం గోల చేసింది. సొంత పక్షం నేల చూపులు చూసింది. సభాపతి గంట కొట్టాడు. ఆయన పాతకాలం మనిషి, పద్ధతి గట్టిగా పట్టుకునేవాడు. సభలో లేనివారిని, తమ తరఫున మాట్లాడుకోలేనివారిని నిందించే మాటలు రికార్డులో ఉండకూడదని అక్కడ ఆనవాయితీ. సభ్యురాలు తన తండ్రిని గురించి అన్న మాటలు తొలగిస్తున్నాను అన్నాడు.

తొలగిస్తే ఏం మిగులుతుందో నేను ఆలోచించాను. నేను చెప్పిన అబద్ధం రికార్డులో ఉంటుంది. అది చెప్పింది నేనేనని నా కూతురు చెప్పిన నిజం ఉండదు. నా మోకాళ్లు వాటంతట అవే లేచాయి.

"ఉంచండయ్యా. నేను ఇక్కడే ఉన్నాను. ఆ అబద్ధాలకోరుని నేనే. అమ్మాయి చెప్పింది నిజం."

రెండు వందల తలలు పైకి లేచాయి. మనిషి ఇక్కడే ఉండి ఒప్పుకున్నాడు కాబట్టి ఆ మాటలు ఉంచుతున్నాను అన్నాడు సభాపతి. మా ఆవిడ చీర కొంగు మొహం మీదికి లాక్కుంది. ఒక గార్డు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, రండి పెద్దాయనా, రూలు రూలే అన్నాడు. వెళ్తూ వెళ్తూ కిందికి చూశాను. మా అమ్మాయి తల పైకెత్తి నన్నే చూస్తోంది. చిన్నప్పుడు నా కోతలు విని నవ్వే మొహం అది.

బయట వసారాలో గోడకి ఒక మైకు పెట్టె ఉంది, లోపలి మాటలు అందులో వినపడతాయి. గార్డు నన్ను మెట్ల దాకా దింపాలి గానీ, ఎవరండీ ఆవిడ అని అడిగి, నా కూతురని చెబితే అక్కడే ఒక స్టూలు వేశాడు. స్టూలు ఊగుతోంది. ఒక కాలు పొట్టి.

లోపల మా అమ్మాయి మాట్లాడుతోంది. పక్క వరసలో ఎదుటి పక్షం సభ్యుణ్ణి నా టేపు కొస పట్టుకోమని అడిగిందట. ఆయన మొహమాటానికి పట్టుకున్నాడట. ఇద్దరి మధ్యా నాలుగున్నర అడుగులు లాగి చూపించిందట. ఇదంతా తర్వాత మా ఆవిడ చెప్పింది. నేను విన్నది మాట మాత్రమే.

"ఇది ముగ్గురికని మా నాన్నగారు కొలిచిన బెంచీ. నిన్న దీని మీద ఐదుగురు ఉన్నారు. నా కూతురికి, అందులో నుంచి తీసుకెళ్లగలిగిన తల్లి ఉంది. అందుకు నేను సిగ్గుపడను, ఇంకో తల్లి అలా కోరుకుంటే తప్పు పట్టను. చీటీ ఒక పిల్లని లేపి తీసుకెళ్తుంది. ఆ బెంచీ మీద మిగిలిన నలుగురి సంగతి ఈ బిల్లులో ఎక్కడుంది? చీటీ పుచ్చుకున్న బడి రేపు బెంచీకి ఆరుగురిని కుక్కితే అడిగేవాళ్లు ఎవరు?"

గార్డు మైకు పెట్టెకి చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. మా రెండోవాడి బెంచీ మీద నలుగురండీ, వాడు సన్నం కాబట్టి సరిపోతున్నాడు అన్నాడు.

మా అమ్మాయి అడిగింది ఒక్కటే. సర్కారు సొమ్ము ముట్టే ప్రతి బడిలో, అది సర్కారుదైనా ప్రైవేటుదైనా, పిల్లకి ఒకటిన్నర అడుగు చొప్పున బెంచీ ఉండాలి, వెనక వరసకి పంతులమ్మ గొంతు వినపడాలి. దాన్ని బిల్లులో ఒక సవరణగా చేర్చమంది. సాయంత్రం ఓట్లు పడ్డాయి. మా అమ్మాయి వద్దని ఓటేసినా బిల్లు ఎనిమిది ఓట్ల తేడాతో నెగ్గింది. దాని సవరణ రెండు ఓట్లతో నెగ్గింది. ఆ రెండిట్లో ఒకటి టేపు కొస పట్టుకున్నాయనది. అంతసేపు పట్టుకున్నాక వదలబుద్ధి కాలేదేమో. పార్టీ పెద్దమనిషి మా అమ్మాయితో రెండు నెలలు మాట్లాడలేదు. మూడో నెలలో, వాళ్ల నియోజకవర్గంలో బెంచీలు కొలవాలి, మీ నాన్నగారు వస్తారా అని కబురు పెట్టాడు.

ఇంటికి రాగానే నేను మంగలి షాపుకి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. చట్టసభలో లేచి మాట్లాడానంటే, కిందటిసారి పులితో మాట్లాడావుగా బాబాయ్ అన్నారు. జీవితంలో మొదటిసారి అసలు పెంచకుండా చెప్పిన కథ నమ్మకపోతే మనిషికి ఎంత కష్టంగా ఉంటుందో మీకు తెలియదు. మా అమ్మాయికి చెప్పుకుని బాధపడితే, సభ రికార్డులో ఆ పేజీ అచ్చు తీయించి ముద్ర వేయించి తెచ్చి ఇచ్చింది. ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మర్నాడే షాపుకి వెళ్లాను. బడి విడిచిపెట్టారు కాబట్టి ఉడుత కూడా నాతో ఉంది.

మంగలి కత్తెర పక్కన పెట్టి అందరికీ వినపడేలా చదివాడు. ఆయన అబద్ధాలకోరు, మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. దాని కింద చిన్న అక్షరాల్లో, గ్యాలరీ నుంచి ఒక సందర్శకుడు: ఉంచండయ్యా. సందర్శకుణ్ణి బయటికి పంపారు. షాపులో అందరూ కాగితం వైపు మెడలు చాపారు. నేను అబద్ధాలకోరునని సర్కారు ముద్ర వేసి ఇచ్చిన కాగితంతో నేను నిజమే చెబుతానని రుజువు చేసుకున్నాననుకున్నాను. మంగలి కాగితాన్ని వెలుగుకి పెట్టి తిప్పి చూసి, సందర్శకుడు అని ఉంది గానీ నీ పేరు లేదు కదా బాబాయ్ అన్నాడు.

ఉడుత వాడి మాటకి కుడి చెవి తిప్పి, కుర్చీలోంచి దిగింది.

"మా తాతే. మా అమ్మ చెప్పింది."

మంగలి కాగితం మడత పెట్టి రెండు చేతులతో నాకు ఇచ్చాడు. వాళ్లమ్మ చెప్పిందంటే అంతే మరి అన్నాడు. గెడ్డం మీద సబ్బుతో కూర్చున్న ఆయన కూడా తలాడించాడు. అప్పుడు మంగలి ఉడుతని, ఏ బడిలో చదువుతున్నావమ్మా అని అడిగాడు. అది వెనకా ముందూ చూడకుండా బడి పేరు, వీధి, తరగతి, తను కూర్చునే వరస అన్నీ చెప్పి, అంతకు ముందు చదివిన బడి పేరు కూడా చెప్పి, అక్కడి బెంచీలు మా తాతే చేశాడు, ఇక మీదట వాటి మీద ముగ్గురే కూర్చుంటారు అంది.

నేను కాగితం జేబులో పెట్టుకుని, కుర్చీ దగ్గరగా జరుపుకుని, ఆ కర్ర మీద పడ్డ పిడుగుల సంగతి మొదలుపెట్టాను. పత్రికతనికి తొందరలో మూడని చెప్పాను గానీ, అవి నాలుగు.